చివరి ట్రే

ఆ గదిలో ఎవరికీ పేర్లుండవు. తలకి టోపీ, మూతికి గుడ్డ, ఒంటికి తెల్లకోటు తగిలించాక కన్నతల్లి వచ్చి చూసినా తన బిడ్డ ఎవరో పోల్చుకోలేదు. అందుకని ఎవరు ఏ హుడ్డు ముందు కూర్చుంటే ఆ నంబరే వాళ్ళ పేరు. సీసాల మీద రాసేది అదే. ఇన్‌చార్జి మేడం పిలిచేది అదే. చివరికి టీ తాగుతూ చెప్పుకునే చాడీలు కూడా నంబర్లతోనే నడుస్తాయి. "మూడు పొద్దున్నుంచి మూతి ముడుచుకుని కూర్చుంది చూశావా?" "ఒకటికి మళ్ళీ కొత్త చెప్పులు!"

మన కథ ఆరో నంబరుది.

హుడ్డు అంటే ముందువైపు తలుపు లేని ఉక్కు బీరువా లాంటిది. లోపల వెనకనుంచి వడకట్టిన గాలి నిదానంగా ముఖం మీదికి వీస్తుంటుంది. దాని ముందు కూర్చుని సర్పగంధ కాడల్ని కణుపు కణుపుకీ ముక్కలు కోసి, గాజుసీసాల్లో గడ్డకట్టిన జెల్లీలో నాటాలి. నెల తిరిగేసరికి ఒక్కో ముక్కా గుబురవుతుంది. ఆ గుబురును మళ్ళీ కోసి నాటాలి. బీపీకి మందని జనం అడవుల్లో వేళ్ళతో సహా తవ్వేసి నామరూపాల్లేకుండా చేసిన మొక్క, ఈ సీసాల్లో వేలకి వేలుగా పెరిగి మళ్ళీ మట్టిలోకి వెళుతుంది.

అంతా బాగానే ఉంది గానీ ఆ జెల్లీలో పంచదార ఉంటుంది. అది మొక్కకి ఎంత ఇష్టమో, బూజుకి అంతకి పదింతలు ఇష్టం. కంటికి కనపడని నలుసు ఒక్కటి పడిందంటే మూడోరోజుకి సీసాలో తెల్లటి దూది తేలుతుంది, అయిదోరోజుకి అది పచ్చబడుతుంది. దాన్ని వాళ్ళు ముద్దుగా 'కంటాం' అంటారు. ఎవరి సీసాల్లో వందకి ఎన్ని కంటాం అయ్యాయన్నదే అక్కడ మనిషి విలువ.

ఆరో నంబరుకి నాలుగేళ్ళలో వందకి రెండు దాటలేదు. ఫోర్సెప్సు అనే సన్న పటకారుని స్పిరిట్‌లో ముంచి, దీపం మీద కాల్చి, మనసులో ఎనిమిది లెక్కపెట్టి, అప్పుడు కాడని తాకేది. ఏడంటే కాడ కమిలిపోతుంది, తొమ్మిదంటే వృథా. సీసా మూతని చిటికెనవేలితో తిప్పి, కింద పెట్టకుండా అరచేతిలోనే పట్టుకుని, రెండో చేత్తో కణుపుని తలకిందులు కాకుండా నాటి మూత బిగించేది. కొత్తగా వచ్చినవాళ్ళని ఇన్‌చార్జి మేడం ఆమె వెనకే నిలబెట్టి, "ఆ చేతులు చూసి నేర్చుకోండి" అనేది. దాంతో ఆరో నంబరుకి తన చేతులంటే కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే.

అలాంటిది ఆ సోమవారం ఇన్‌చార్జి మేడం అందరి ముందూ పుస్తకం తెరిచి, "ఆరు. వందకి పదకొండు" అని చదివింది.

అందరి తలలూ ఆరో హుడ్డు వైపు తిరిగాయి.

"పోయిన వారం తొమ్మిది. ఏదో ఒక వారం అనుకుని ఊరుకున్నా." మేడం గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది. "హుడ్డులో గాలి పరీక్ష చేయించా, బాగుంది. జెల్లీ అందరికీ ఒకటే. మొక్క అందరికీ ఒకటే. మిగతా అయిదుగురికీ రెండు దాటలేదు. ఇంక మిగిలిందేంటో నువ్వే చెప్పు."

ఆరో నంబరు తన చేతుల వంక చూసుకుంది.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"ఏం లేదు మేడం."

"రూలు నీకు తెలిసిందే. వరసగా మూడు వారాలు అయిదు దాటితే వాషింగుకి పంపాలి. శనివారం మూడో లెక్క. నీకొక రూలు, ఇంకొకరికి ఒక రూలు పెట్టలేను కదా."

మిగతా అయిదుగురూ తలలు దించుకున్నారు. ఆ రూలు కింద ఇప్పటిదాకా వాషింగుకి, అంటే సీసాలు కడగడానికి, వెళ్ళింది ఒక్క మనిషే. ఆమెని ఇప్పుడు అందరూ సీసాలక్క అంటారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆరో నంబరు చేతులు మూడుసార్లు కడుక్కుంది. గోళ్ళు అప్పటికే కురచ, అయినా ఇంకాస్త కత్తిరించింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఇంకా కత్తిరిస్తే వేళ్ళు మిగలవు. ఏమైంది?"

చెప్పింది.

"ఓసి పిచ్చిదానా," అంది అత్తగారు. "నీ నోరు మంచిది కాదంటే నేనూ ఒప్పుకుంటా. చేతులకేం? నువ్వు పెట్టిన పచ్చడి జాడీ ఏడాదైనా బూజు పట్టదు. నేను పెడితే ఆర్నెల్లకే పైన తెల్లగా కడుతుంది. ఈ మాట నేనన్నానని నీ మొగుడికి మాత్రం చెప్పకు."

మొగుడు అక్కడే మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అచ్చాఫీసులో అతని షిఫ్టు మూడు వారాల కిందట తెల్లవారుజాముకి మారింది. అప్పట్నుంచి పిల్లని బడిలో దింపే పని ఆరో నంబరు మీద పడింది. మేడంని అడిగి తొమ్మిదికి బదులు తొమ్మిదిన్నరకి వెళ్ళేలా ఒప్పించుకుంది. సాయంత్రం ఆ అరగంట ఎక్కువ కూర్చునేది.

"నాకంతా వినపడింది," అన్నాడతను తలగడలోంచి. "మా అమ్మ నిన్ను మెచ్చుకుందంటే ఏదో పెద్ద ఆపదే."

ఏడేళ్ళ కూతురు ముందు పన్ను ఊడిన సందులోంచి నవ్వింది. "అమ్మా, నువ్వే దింపు రోజూ. నాన్న దింపినప్పుడు లేటయ్యి చివరి బెంచీనే మిగిలేది. అది ఊగుతుంది. రాస్తే అక్షరాలన్నీ వంకర. టీచరేమో నా చేతిరాత బాలేదంటుంది."

అందరూ నవ్వారు. ఆరో నంబరు కూడా నవ్వింది. పిల్ల మాట ఈ చెవిన పడి ఆ చెవిన పోయింది.

మంగళవారం పాడైన సీసాలు ఏరి పారేసే రోజు. గ్రోత్ రూములో రాకుల మీద తెల్లటి ట్యూబులైట్ల కింద వరసగా నిలబెట్టిన సీసాల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసి, బూజు పట్టినవాటిని ట్రేలో పెట్టి వాషింగుకి పంపుతారు. ఎప్పుడూ ట్రాలీ మీద పంపేవాళ్ళు. ఆ రోజు ఆరో నంబరు తన ట్రేని తనే ఎత్తుకుని వెళ్ళింది. శనివారం తర్వాత తాను ఉండబోయే గది ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నాలుగేళ్ళలో ఆ గడప తొక్కలేదు మరి.

గదంతా ఆవిరి, బ్లీచింగు వాసన. రెండు పెద్ద సిమెంటు తొట్లు, పక్కన నల్లరాతి బండ, మూలన ఆటోక్లేవ్. దాన్ని అక్కడ కుక్కరంటారు. సీసాలక్క మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, రబ్బరు ఏప్రాను వేసుకుని తొట్టి మీదికి వంగి ఉంది. సీసాలు కడగడం, మీడియా అనే ఆ జెల్లీ పోశాక మూతలు పెట్టడం, కుక్కరులో ఉడికించి హుడ్డు గది కిటికీ దాకా పంపడం అన్నీ ఆమె పనే.

"రా అమ్మా ఆరో నంబరూ," అంది తల ఎత్తకుండానే. "దారి తప్పావా?"

"నా సీసాలు తెచ్చా అక్కా."

"అక్కడ పెట్టు."

ఆరో నంబరు ట్రే పెట్టింది గానీ కదల్లేదు. సీసాలక్క చేతుల వంక చూస్తూ నిలబడిపోయింది. వేళ్ళ సందుల్లో చర్మం నెర్రెలిచ్చి ఉంది. కొన్ని నెర్రెలు ఎర్రగా ఉన్నాయి.

"చేతులకి తొడుగులివ్వరా?"

"ఇస్తారు. నీళ్ళల్లో సీసా జారుతుంది తొడుక్కుంటే. పగిలితే మళ్ళీ అదో గొడవ." సీసాలక్క చేతులు తుడుచుకుని ఆ ట్రే దగ్గరికొచ్చింది. ఒక సీసా ఎత్తి వెలుతుర్లోకి పట్టింది. ఇంకోటి. ఇంకోటి. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది.

"అడగడానికి వచ్చావా, ఊరికే వచ్చావా?"

"ఏం అడగాలి?"

"ఇది నీ చేతి తప్పు కాదని నీకు తెలీదా?"

ఆరో నంబరు ట్రే మీదికి వంగింది.

"ఇలా చూడు. చేతి తప్పయితే బూజు మొక్క మొదట్లో పుడుతుంది, నువ్వు ఫోర్సెప్సుతో తాకిన చోట. ఇదుగో, ట్రాలీలో వచ్చిన ఇది రెండో నంబరుది. కాడ చుట్టూ ఉంది చూశావా? ఇది ఆవిడ చేతి తప్పే. ఇప్పుడు నీది చూడు. మొక్క శుభ్రంగా ఉంది. బూజు గాజు అంచు నుంచి కిందికి దిగింది. అంటే పైనుంచి వచ్చింది, మూత సందులోంచి."

సీసాలక్క ఆ సీసా మూత తిప్పి తీసి నల్లరాతి బండ మీద బోర్లించింది. వేలితో ఒక పక్క నొక్కి వదిలింది. మూత టకటకమని ఊగింది. ఇంకో సీసా మూత తీసి పెట్టింది. అదీ ఊగింది. తొట్టిలోంచి తీసిన మరో మూత పెట్టి నొక్కింది. అది బండకి అతుక్కున్నట్టు కదలకుండా కూర్చుంది.

"కుక్కరులో ఉడికీ ఉడికీ ప్లాస్టిక్ వంగిపోతుంది. కంటికి కనపడదు, రాతి మీద పెడితే తెలుస్తుంది. నాకు ముందు ఇక్కడ చేసిన ముసలామె నేర్పింది. ఊగే మూతలు నీలం బుట్టలో వెయ్యి, మంచివి అయిపోయాక చివర్లో వాడు అని. అలాగే వేస్తున్నా. స్టోరాయనకి రెండుసార్లు చెప్పా, కొత్తవి తెప్పించండీ అని. 'కడగడం నీ పని, చెప్పడం కాదు' అన్నాడు."

"చివర్లో అంటే?"

"చివరి ట్రేకి."

ఆరో నంబరు మనసులో లెక్కేసుకుంది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఆరు ట్రేలు పెడతారు. ముందొచ్చినవాళ్ళకి ముందు ట్రే. ఆ పద్ధతి ఒకప్పుడు తాను పోట్లాడి పెట్టించిందే, జెల్లీ బాగా గట్టిపడిన ట్రే తనకి దక్కాలని. మూడు వారాలుగా తొమ్మిదిన్నరకి వస్తోంది. వచ్చేసరికి మిగిలేది ఒక్కటే. అంతకుముందు రోజుకొకరు చివర్న వచ్చేవాళ్ళు కాబట్టి ఏ ఒక్కరి లెక్కా పెరగలేదు.

"చివరి ట్రే నాదే అక్కా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండు వారాలైంది. పాడైన సీసాలన్నిటి మీదా ఆరే. నీకు ముందు నాలుగేళ్ళు నా చేత్తో రాసిన అంకె అది. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతా."

"మరి చెప్పలేదేం?"

సీసాలక్క తిరిగి తొట్టి దగ్గరికెళ్ళింది. నీళ్ళలో చేతులు పెట్టింది.

"నీతో అబద్ధం ఎందుకు? మొదట చూసినప్పుడు నాకు హాయిగా అనిపించింది. తిక్క కుదిరిందిలే అనుకున్నా. రెండోరోజూ అదే అనిపించింది. ఆ తర్వాత అన్నం సయించలేదు. నిన్న ఆ నీలం బుట్టని తొట్టి కింద దాచేశా. మూతలు తక్కువయ్యాయని స్టోరాయన వచ్చి అరిచి, వెతికి బయటికి లాగి మళ్ళీ నా ముందే పెట్టాడు."

ఆరో నంబరు అడగదలచుకోలేదు. అయినా అడిగేసింది.

"మరి నాలుగేళ్ళ కిందట? నీ సీసాలు?"

"అప్పుడు చివరి ట్రే ఎవరిది? మీ అందరి దీపాల్లో స్పిరిట్ పోసి, ఫోర్సెప్సులు సర్ది, కుర్చీలు తుడిచి నేను కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఏది మిగిలేది?" సీసాలక్క గొంతు పెంచలేదు. "సీసాల్లోనే ఏదో ఉందని నేనంటే, 'ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది' అన్నావు. అందరూ నవ్వారు. ఏమో, నిజంగా నా చెయ్యే మంచిది కాదేమో అనుకున్నా. ఇక్కడికొచ్చి ఈ రాయి మీద మూత పెట్టి చూసేదాకా అలాగే అనుకున్నా."

ఆరో నంబరుకి అప్పుడు మేడంకి రాసిచ్చిన కాగితం కళ్ళముందు ఆడింది. 'వీరి చేతుల వల్ల మా అందరికీ చెడ్డపేరు వస్తోంది.' అయిదు సంతకాలు. మొదటి సంతకం తనది. రాసిన చేతిరాత కూడా తనదే. ఆ తర్వాత వారమే కిటికీ పక్కనున్న ఆరో హుడ్డు తనకిచ్చారు. అప్పటిదాకా తాను నాలుగు.

క్షమించమని అడగడానికి నోరు తెరిచింది. బదులుగా పని గురించే మాట వచ్చింది. ఇద్దరికీ తెలిసిన భాష అదొక్కటే.

"అక్కా, రేపటి చివరి ట్రే నువ్వే మూతలు పెడతావుగా? నలభై సీసాల్లో ఇరవైకి ఊగేవి పెట్టు, ఇరవైకి మంచివి పెట్టు. ఊగేవి పెట్టిన సీసా అడుగున చిన్న చుక్క పెట్టు. ఏది ఏదో నాకు కనపడకూడదు. తెలిస్తే నా చెయ్యే మోసం చేస్తుంది."

సీసాలక్క మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "ఊరికే మూతలు చెడ్డవని మేడంకి చెబితే సరిపోదా?"

"మద్దెల ఓడు అంటారు," అంది ఆరో నంబరు.

సీసాలక్క నవ్వింది. పెద్ద నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చిన ఒక చిన్న గాలి. "పెడతా పో."

బుధవారం ఆరో నంబరు పిల్లని బడి గేటు దగ్గర వదిలి, తొమ్మిదిన్నరకి వచ్చి, చివరి ట్రే ఎత్తుకుంది. నలభై సీసాలు. అడుగు చూడాలని మనసు పీకింది, చూడలేదు. మోచేతుల దాకా కడుక్కుని స్పిరిట్ రాసుకుంది. కాల్చింది, ఎనిమిది లెక్కపెట్టింది, కోసింది, నాటింది. ప్రతి సీసానీ ఇదొక్కటే తన బతుకన్నట్టు చేసింది. పదోది అయ్యేసరికి వీపు తడిసింది. నలభయ్యోది మూసేసరికి మెడ పట్టేసింది. ప్రతి సీసా మీదా తేదీ వేసి పక్కన ఆరు అని రాసింది. ఆ అంకె రాస్తున్న ప్రతిసారీ చెయ్యి కొంచెం ఆగింది.

గురువారం ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే నలభై సీసాలూ అద్దంలా ఉన్నాయి. బూజు రావాలని మొక్కుకునే మనిషి ఆ లాబు మొత్తానికీ తానొక్కతే అయి ఉంటుందని తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బూజు రాకపోతే తప్పు మూతలది కాదు. తప్పు మూతలది కాకపోతే తనదే.

ఇంట్లో ఆ సాయంత్రం అత్తగారు ఆమె తిన్నదెంతో చూసి ఏమీ అనలేదు. అత్తగారు ఏమీ అనకపోవడంతో మొగుడు భయపడి తనే గిన్నెలు కడిగాడు.

శనివారం ఉదయం ఆరో నంబరు గ్రోత్ రూము తలుపు తెరిచేసరికి ఇన్‌చార్జి మేడం పుస్తకం పట్టుకుని రాకుల ముందు నిలబడి ఉంది. ఆరో నంబరు తన రాకు వైపు చూసింది. రెండో వరసలో ఒక సీసాలో తెల్లగా, చిన్న దూదిపింజ. దాని పక్కన ఇంకోటి.

"మూడు రోజులకే పదకొండు పోయాయి," అంది మేడం. "నలభైలో. నాకు చాలా బాధగా ఉంది ఆరూ."

"మేడం, ఒక్క పని చెయ్యండి. పాడైనవి ఎత్తి అడుగున చూడండి."

మేడం ఒక సీసా ఎత్తింది. అడుగున నల్లచుక్క. రెండోది, చుక్క. మూడోది, చుక్క. పదకొండూ తిరగేసింది. పదకొండింటికీ చుక్క ఉంది. తర్వాత ఎవరూ అడక్కుండానే బాగున్న సీసాల్ని కూడా ఒక్కొక్కటే తిరగేసింది. చుక్క లేని ఇరవైలో ఒక్కటీ చెడిపోలేదు.

"ఏంటిది?"

"మూతలు మేడం. సీసాలక్క చెబుతుంది. ఆవిడకే తెలుసు."

పిలిస్తే సీసాలక్క బూట్లతోనే వచ్చి గడప అవతల ఆగింది. ఆ గదిలోకి వాషింగువాళ్ళు రాకూడదు. మేడమే బయటికి వెళ్ళింది. సీసాలక్క ఏప్రాను జేబులోంచి రెండు మూతలు తీసి వరండాలో గ్రానైటు గట్టు మీద పెట్టింది. మేడం ఒకదాన్ని నొక్కింది. టకటక. రెండోదాన్ని నొక్కింది. కదల్లేదు. మొదటిదాన్ని మళ్ళీ నొక్కింది. చాలాసేపు నొక్కుతూనే ఉంది.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"స్టోరాయనకి రెండుసార్లు చెప్పా మేడం."

మేడం ముఖం ఎర్రబడింది. అంకెలని నమ్మే మనిషి, అంకెలు చూపిస్తే మాట మార్చడానికి సిగ్గుపడదు. "ఇవాళే కొత్త మూతలకి రాస్తా. ఆరూ, నీ మూడు వారాల లెక్కా కొట్టేస్తున్నా. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నీ హుడ్డు నీదే."

అయిపోయింది. గండం గడిచింది. మిగతా అయిదుగురూ తలుపు అద్దంలోంచి చూస్తూ ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు. సీసాలక్క రెండు మూతలూ జేబులో వేసుకుని, బూట్లు చప్పుడు చేసుకుంటూ అప్పుడే వెనక్కి తిరిగింది. ఇక్కడితో ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. అడిగేవాళ్ళు లేరు. ఆ ఊరుకోవడం ఎంత తేలికో ఆరో నంబరుకి ఒక్క క్షణం బాగా తెలిసింది. సీసాలక్క వరండా చివరిదాకా వెళ్ళింది.

"మేడం, ఇంకో లెక్క కూడా కొట్టెయ్యాలి."

"ఏది?"

"నాలుగేళ్ళ కిందటిది. అప్పుడు చివరి ట్రే ఆవిడదే. మా దీపాలన్నీ ఆవిడే సర్ది చివరికి వచ్చేది. మేమిచ్చిన కాగితం మీ దగ్గరుంటుంది. అది రాసింది నేను. మొదటి సంతకం నాది. తప్పు రాశా."

సీసాలక్క ఆగింది. వెనక్కి తిరగలేదు.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిజమే కావచ్చు. కానీ ఇప్పుడేం చెయ్యమంటావు? హుడ్లు ఆరే. సీట్లు ఆరే."

"ఆరో హుడ్డు అసలు ఆవిడదే మేడం. మధ్యాహ్నం దాకా ఆవిడని కూర్చోనివ్వండి. మధ్యాహ్నం నుంచి నేను కూర్చుంటా. పొద్దున పూట వాషింగు నేను చూస్తా."

"నన్నెవరైనా అడిగారా?"

ఆ మాట సీసాలక్కది. ఇటు తిరిగి నిలబడి ఉంది. "నాలుగేళ్ళ కిందట పొమ్మన్నప్పుడూ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు రమ్మనేటప్పుడూ మీరిద్దరే మాట్లాడేసుకుంటున్నారు."

మేడం రెండడుగులు ముందుకి వేసింది. "తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. వస్తావా?"

సీసాలక్క తన చేతులు ముందుకి చాపి, వాటినే అడిగినట్టు చూసుకుంది.

"సోమవారం చెబుతా," అంది.

సోమవారం బడి గేటు దగ్గర పిల్ల చెయ్యి వదిలి, ఆరో నంబరు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. హుడ్డు గదిలోకి వెళ్ళే ముందు గాజు తలుపు దగ్గర ఆగి చూసింది.

ఆరో హుడ్డు ముందు ఎవరో కూర్చుని ఉన్నారు. టోపీ, గుడ్డ, తెల్లకోటు. ఎవరైనా కావచ్చు. కానీ ఆ మనిషి దీపం వెలిగించి, ట్రే పక్కన పెట్టుకుని, స్పిరిట్ సీసా ముందు పెట్టుకుని, ఊరికే కూర్చుంది. తర్వాత అరచేతిలో స్పిరిట్ పోసుకుంది. ఒక్కసారిగా భుజాలు రెండూ పైకి లేచాయి. నెర్రెలిచ్చిన చేతుల మీద స్పిరిట్ ఎలా మండుతుందో గాజు ఇవతలనుంచి కూడా తెలిసిపోయింది. పక్క హుడ్డు నుంచి అయిదో నంబరు వంగి ఏదో అడిగింది.

"మండనీ," అన్న మాట గాలి చప్పుడు దాటి తలుపు సందులోంచి సన్నగా వినిపించింది. "ఇది బ్లీచింగు మంట కాదుగా."

చేతులు పూర్తిగా ఆరేదాకా ఆగింది. ఫోర్సెప్సు ముంచి కాల్చింది. ఆరో నంబరు గాజు ఇవతల తనకి తెలియకుండానే లెక్కపెట్టింది. సరిగ్గా ఎనిమిది దగ్గర ఆ చెయ్యి కదిలింది. చిటికెనవేలు మూత తిప్పింది. కణుపు నిలబడింది, మూత బిగిసింది. ఎనిమిది లెక్కపెట్టడం తనకి నేర్పిందెవరో ఆరో నంబరుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకి ఏడుపొచ్చింది.

మొదటి సీసా పూర్తిచేసి, మార్కరు అందుకుని, తేదీ వేసి ఆగిపోయింది సీసాలక్క. చుట్టూ చూసింది. గాజు అవతల ఉన్న మనిషి కనపడింది. సీసా ఎత్తి చూపించి, ఏం రాయను అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

గాజు ఇవతలనుంచి ఆమె ఒక చేతి అయిదు వేళ్ళూ చాపి, రెండో చేతి బొటనవేలు దాని పక్కన నిలబెట్టి చూపించింది. సీసాలక్క ఆ ఆరు వేళ్ళ వంకా కాసేపు చూసి, తల వంచి రాసుకుంది.

వాషింగు గదిలో రబ్బరు బూట్లు ఆమెకి రెండు సైజులు పెద్దవి. ఏప్రాను నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగింది. తొట్టిలో చేతులు పెట్టగానే, శనివారం బ్లేడు గీసుకున్న చిన్న గాటు మీద బ్లీచింగు నీళ్ళు చురుక్కుమన్నాయి. వాటిలోనే ఉంచి కడగడం మొదలుపెట్టింది. మూతలు ఒక్కొక్కటే బండ మీద బోర్లించి నొక్కి చూసింది. కదలనివి కుడివైపు పెట్టింది. ఊగినవి తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేసింది.

పదకొండు గంటలకి స్టోరాయన తలుపు తోసుకుని వచ్చాడు. కొత్త మూతలు రావడానికి వారం పడుతుందట. ఈలోగా ఉన్నవాటితోనే నెట్టుకురావాలట. చెత్తడబ్బాలోకి చూసి అదిరిపోయాడు.

"ఎవరు పారేశారు ఇవి? ఏమ్మా, కొత్తగా వచ్చావు కదాని చెబుతున్నా. కడగడం నీ పని, పారెయ్యడం కాదు."

మాట దాదాపు అదే. ఈసారి అది తన మీద పడింది, అంతే తేడా. ఆమె చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. చెత్తడబ్బాలోంచి ఒక మూత తీసి నీళ్ళలో ముంచి, నల్లరాతి మీద బోర్లించి, వేలితో ఒక పక్క నొక్కి పట్టింది.

"ఇలా రండి," అంది. "మీరూ ఒకసారి నొక్కి చూడండి."

"నాకు అవతల పనుంది."

"ఉంటుందండీ. ఒక్కసారి నొక్కి వెళ్ళండి."

ఆయన చిరాకు పడ్డాడు, గడియారం చూసుకున్నాడు, తలుపు వైపు చూశాడు. ఆమె వేలు తియ్యలేదు. ఆయన వచ్చి బండ మీద చెయ్యి పెట్టేదాకా అలాగే నిలబడింది.